స్తంభం మీది డబ్బా నుంచి బిల్లు దాకా: చిన్న బ్రాడ్‌బ్యాండ్ ఆపరేటరు ఓఎస్‌ఎస్, బీఎస్‌ఎస్ కట్టుకునే పద్ధతి

విజయవాడ, గుంటూరు వైపు కేబుల్ టీవీతో మొదలై ఫైబర్ ఇంటర్నెట్‌లోకి దిగిన ఆపరేటరుకు మూడు వందల కనెక్షన్ల దాకా సాఫ్ట్‌వేరు గొడవే ఉండదు. ఒక ఎక్సెల్ షీటు, ఒక వాట్సాప్ గ్రూపు, లైన్‌మన్ బుర్రలో ఉన్న మ్యాపు. వీటితో బండి నడిచిపోతుంది. వెయ్యి దాటాక అదే లైన్‌మన్ పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్తే, ఏ డబ్బా నుంచి ఏ ఇంటికి వైరు పోయిందో చెప్పే దిక్కుండదు. డబ్బు కట్టినవాడి నెట్ ఆగిపోతుంది, కట్టనివాడిది హాయిగా ఆడుతుంది.

రెండు వేల నుంచి ఐదు వేల కనెక్షన్లున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిందిది. పేర్లు చూసి బెదరక్కర్లేదు. ఓఎస్‌ఎస్ అంటే నెట్‌వర్కును నడిపే పద్దులు: ఏ పరికరం ఎక్కడుంది, ఎవరికి ఏ పోర్టు ఇచ్చాం, ఏది పడిపోయింది, ఎవరు బాగుచేస్తున్నారు. బీఎస్‌ఎస్ అంటే కస్టమరు, డబ్బు తాలూకు పద్దులు: ప్లాన్లు, బిల్లులు, వసూళ్లు, బకాయిలు. పెద్ద టెలికాం కంపెనీల కోసం టీఎం ఫోరం అనే సంస్థ ఈటామ్ పేరుతో పెద్ద పటం గీసి పెట్టింది. అందులోంచి మనం తీసుకోవాల్సింది ఒక్క విభజనే: కనెక్షన్ ఇవ్వడం, దాన్ని నిలబెట్టడం, డబ్బు తీసుకోవడం. మిగతా గడులన్నీ లక్షల కస్టమర్లున్నవాళ్లకు.

చాలామంది బిల్లింగ్ సాఫ్ట్‌వేరు కొనుక్కుని పని అయిపోయిందనుకుంటారు. అక్కడే మొదటికి మోసం వస్తుంది. బిల్లు అనేది చివర్న రాలే పండు. అది సరిగ్గా ఉండాలంటే కింద స్తంభం మీది డబ్బా లెక్క సరిగ్గా ఉండాలి. కాబట్టి వరస తిప్పి, డబ్బా దగ్గర్నుంచి మొదలుపెడదాం.

ముందు చిరునామా తేల్చండి

గుంటూరు బ్రాడీపేటలో ఒకే ఇంటిని ఒకాయన "4/14" అంటాడు, ఇంకొకాయన "నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు" అంటాడు, మూడో ఆయన ఫలానా హాస్పిటల్ సందు అంటాడు. విజయవాడలో డోర్ నంబరు అడిగితే పాతదీ కొత్తదీ రెండూ చెబుతారు. వీటన్నిటినీ ఒకే గడిలో ఇష్టమొచ్చినట్టు టైపు చేస్తే సాఫ్ట్‌వేరుకు అవి మూడు వేరు ఇళ్లు. చిరునామాను ముక్కలు చేయండి: ఊరు, పేట, లైను, అడ్డరోడ్డు, డోర్ నంబరు, అంతస్తు, పిన్ కోడ్, ఆనవాలు. ఊరు నుంచి అడ్డరోడ్డు దాకా జాబితాలోంచి ఎంచుకునేట్టు పెట్టాలి, టైపు చేయనివ్వకూడదు. ఆనవాలు ఒక్కటే స్వేచ్ఛగా రాసే గడి. వీటితో పాటు గుమ్మం దగ్గర నిలబడి తీసిన జీపీఎస్ గుర్తు. లైన్‌మన్‌కు ఎప్పుడూ పనికొచ్చేది అదే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు విజయవాడ నగరం ఎన్‌టీఆర్ జిల్లాలోకి, ఆనుకుని ఉన్న కానూరు, పోరంకి కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. ఇటు నరసరావుపేట పల్నాడుకు పోయింది, బాపట్ల విడిగా జిల్లా అయింది. జిల్లా పేరును కస్టమర్ ఐడీలో ఇరికించినవాళ్లకు ఆరోజు అర్థమై ఉంటుంది అదెంత పొరపాటో. ఐడీలో ఊరు, పేట, ప్లాను, ఫోన్ నంబరు ఏవీ ఉండకూడదు. మారేవేవీ అందులోకి రాకూడదు. వట్టి వరస సంఖ్య చాలు. ఇల్లు మారినా, ప్లాను మారినా, అద్దెకున్నాయన పేరు మారినా ఐడీ చెక్కుచెదరదు.

డబ్బా లెక్క

ఇక్కడ ఎంత ఓపిక పెడితే తర్వాత అంత సుఖం. ప్రతి డబ్బాకూ పెయింటుతో ఒక నంబరు వేయండి, ఫొటో తీయండి, జీపీఎస్ తీసుకోండి. ఆపైన లోపలికి వచ్చే ఫైబర్ ఏ ట్యూబులో ఏ రంగుదో రాయండి. రంగుల వరస సాధారణంగా నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, వంగపండు, గులాబీ, లేత నీలం. స్ప్లిట్టర్ (ఒక ఫైబర్ వెలుగును చాలా కాళ్లుగా చీల్చే ముక్క) ఒకటికి ఎనిమిదా, ఒకటికి పదహారా అన్నది రాయండి. ఆ తర్వాత ఒక్కో కాలు ఎవరికి వెళ్లింది, ఏది ఖాళీ, ఏ తేదీన పవర్ మీటరులో ఎంత చూపించింది అన్నవి. ఇదంతా రాయడానికి డబ్బాకు ఇరవై నిమిషాలు పడుతుంది. రెండు వందల డబ్బాలకు ఇద్దరు మనుషులు రెండు వారాల్లో ముగిస్తారు.

పవర్ ఎంత రావాలో ముందే లెక్క కట్టి అదే పట్టికలో పెట్టాలి. మచ్చుకు ఒక డబ్బా చూద్దాం. ఆఫీసులో ఓఎల్‌టీ (ఫైబర్‌లోకి వెలుగు పంపే ప్రధాన పరికరం) పోర్టు నుంచి +3 డీబీఎం (వెలుగు బలానికి కొలత; నష్టాన్ని డీబీలో చెబుతారు) బయల్దేరింది. మూడు కిలోమీటర్ల ఫైబర్‌కు 1 డీబీ పోయింది. మొదటి స్ప్లిట్టర్ ఒకటికి నాలుగు, అక్కడ 7.3. రెండోది ఒకటికి ఎనిమిది, అక్కడ 10.5. నాలుగు కనెక్టర్లకు 1.2, ఆరు అతుకులకు 0.6. మొత్తం నష్టం 20.6 డీబీ. అంటే ఇంట్లో మోడెం దగ్గర −17.6 డీబీఎం అటూఇటూగా రావాలి. జీపాన్ అనే ఈ ఫైబర్ పద్ధతిలో బీ ప్లస్ తరగతి మోడెం −27 దాకా పట్టుకుంటుంది గనక, −24 వచ్చినా నెట్ ఆడుతుంది, కస్టమరు సంతకం పెడతాడు, లైన్‌మన్ వెళ్లిపోతాడు. కానీ ఆరు డీబీకి పైగా ఎక్కడో కారిపోతోంది: గోడ మూలలో వైరు మెలిక పడి ఉండాలి, లేదా కనెక్టరు మొహం మురికిగా ఉండాలి. మొదటి వానకే ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. అందుకే "ఆడుతోందా" అన్నది పరీక్ష కాదు. లెక్కకూ కొలతకూ తేడా 2 డీబీ దాటితే కనెక్షన్ పూర్తయినట్టు సిస్టమ్ ఒప్పుకోకూడదు. కొలత రాసే గడి ఖాళీగా ఉంటే పని మూసేయడం కుదరనట్టు పెట్టండి. ఇంకో వైపు, డబ్బాకు మరీ దగ్గరగా ఉండి −8 కంటే ఎక్కువ వచ్చినా ప్రమాదమే, మోడెం కళ్లు చెదురుతాయి.

మ్యాపు కోసం డబ్బు పెట్టనక్కర్లేదు, క్యూజీఐఎస్ ఉచితం. పట్టికలు పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో పెడితే రెండూ కలిసిపోతాయి.

కొత్త కనెక్షన్: ఏది ముందు, ఏది వెనక

ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి బిల్లు మొదలయ్యే దాకా వరస ఇలా ఉండాలి.

1. చిరునామా పెట్టగానే దగ్గర్లోని డబ్బాలో ఖాళీ కాలు ఉందా, డ్రాప్ వైరు (డబ్బా నుంచి ఇంటికి వేసేది) ఎన్ని మీటర్లు పడుతుందో సిస్టమే చెప్పాలి. ఖాళీ లేకుండా డబ్బు తీసుకోవడం గొడవలకు పుట్టిల్లు.
2. గుర్తింపు పత్రాలు. అవి నేరుగా అప్లికేషన్‌లోకే ఎక్కాలి. ఆధార్ కాపీ లైన్‌మన్ వాట్సాప్‌లో మిగిలిపోకూడదు.
3. ఆ కాలును ఈ కస్టమరు పేర 72 గంటలు ఆపి ఉంచడం. ఆలోపు పని జరక్కపోతే దానంతటదే విడిపోవాలి.
4. లైన్‌మన్‌కు పని చీటీ: డబ్బా నంబరు, కాలు నంబరు, రావాల్సిన పవరు, ఇవ్వాల్సిన మోడెం.
5. మోడెం సీరియల్ నంబరు బార్‌కోడ్ స్కాన్ చేయడం, ఓఎల్‌టీలో ఆ సీరియల్‌ను ఎక్కించడం, వీలాన్ (నెట్‌వర్కులో విడి దారి) ఇవ్వడం.
6. రేడియస్‌లో (లాగిన్ తనిఖీ చేసి వాడకం లెక్క రాసే సర్వరు) యూజర్ తయారుచేయడం.
7. మొదటి సెషన్ (లాగిన్ అయి నెట్ ఆడటం) నిజంగా మొదలయ్యాకే బిల్లు.

ఐదో అడుగు దగ్గర ఒక ఉచ్చు ఉంది. జీపాన్ మోడెం సీరియల్‌లో మొదటి నాలుగు అక్షరాలు కంపెనీ గుర్తు. కొన్ని స్టిక్కర్ల మీద అది అక్షరాల్లో ఉంటుంది, కొన్నింటి మీద అంకెల్లో. హువావే మోడెం మీద 48575443 అని మొదలైతే, ఓఎల్‌టీ తెర మీద అదే హెచ్‌డబ్ల్యూటీసీ అని కనిపిస్తుంది. రెండూ ఒకటే. ఇది తెలియని పట్టికలో ఒక మోడెం రెండుసార్లు ఎక్కుతుంది, స్టాకు లెక్క ఎప్పటికీ తేలదు. ఏదో ఒక రూపం ఎంచుకుని, లోపలికొచ్చే ప్రతి సీరియల్‌నూ అందులోకి మార్చాకే దాచండి. పరికరం నెట్‌వర్కు గుర్తైన మ్యాక్ అడ్రస్‌కూ ఇదే మందు: చుక్కలూ గీతలూ తీసేసి, పెద్ద అక్షరాల్లో. చేత్తో టైపు చేయనిస్తే సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తెలియక సగం రోజు పోతుంది.

ఏడో అడుగును లైన్‌మన్ మాట మీద వదలకండి. "పెట్టేశాను సార్" అన్న ఫోన్‌తో బిల్లు మొదలైతే, రెండ్రోజుల తర్వాత నెట్ వచ్చిన కస్టమరు ఆ రెండు రోజుల డబ్బు అడుగుతాడు, అడగడంలో తప్పూ లేదు. రేడియస్‌కు వచ్చిన మొదటి అకౌంటింగ్ స్టార్ట్ సందేశమే మొదటి రోజు.

రేడియస్ దగ్గర జాగ్రత్తలు

ఓఎస్‌ఎస్, బీఎస్‌ఎస్ కలుసుకునే గడప ఇదే. ఫ్రీరేడియస్ ఉచితం, ఐదు వేల కనెక్షన్లను మామూలు సర్వరు మీద తేలిగ్గా మోస్తుంది. లాగిన్ తనిఖీకి 1812 పోర్టు (ఇక్కడ పోర్టంటే సాఫ్ట్‌వేరు తలుపు నంబరు), వాడకం లెక్కకు 1813, నడుస్తున్న సెషన్‌ను మార్చడానికి 3799. మూడూ యూడీపీ. మూడోదాన్ని ఫైర్‌వాల్‌లో తెరవడం మర్చిపోతారు. డబ్బు కట్టినా స్పీడు పెరగలేదన్న ఫిర్యాదు చాలాసార్లు అక్కడిదే: బిల్లింగ్ ప్లాను మార్చింది, రేడియస్ పట్టికలోనూ మారింది, కానీ నడుస్తున్న సెషన్‌కు ఆ కబురు అందలేదు. మోడెం ఆపి వేస్తే సరిపోతుంది, కానీ అది చెప్పడానికి మనకు మొహం ఉండాలిగా. ఆ పోర్టును రేడియస్ సర్వరు నుంచి మాత్రమే తెరవండి, ప్రపంచానికంతా కాదు.

వాడకం లెక్కలో రెండు తప్పులు పదే పదే కనిపిస్తాయి. మొదటిది దిక్కు. రేడియస్‌లో ఇన్‌పుట్ అంటే రూటరు వైపు నుంచి చూసిన ఇన్‌పుట్, అంటే కస్టమరు అప్‌లోడ్. దాన్ని డౌన్‌లోడ్‌గా చూపిస్తే సినిమాలు చూసే ఇంట్లో వాడకమే లేనట్టు కనిపిస్తుంది. రెండోది 32 బిట్ల లెక్కింపు. ఆక్టెట్స్ (బైట్లు) అనే గడి 4,294,967,295 దాటగానే సున్నాకొస్తుంది. 100 ఎంబీపీఎస్ లైను నిండుగా నడిస్తే ఆరు నిమిషాల్లోపే ఒక చుట్టు తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో గిగావర్డ్స్ అనే వేరే గడి చెబుతుంది. దాన్ని కలపకుండా లెక్క కట్టే సాఫ్ట్‌వేరు ఇప్పటికీ దొరుకుతోంది. కొనేముందు 10 జీబీ ఫైలు ఒకటి దించి, తెర మీద ఎంత చూపిస్తుందో చూడండి. 1.4 జీబీ వాడారని చూపిస్తే అక్కడే దండం పెట్టి వచ్చేయొచ్చు.

మధ్యమధ్యలో వచ్చే లెక్క సందేశాన్ని ఐదు నిమిషాలకోసారి పెట్టండి. ఐదు వేల మందికి సెకనుకు పదిహేడు సందేశాలు, పెద్ద బరువేం కాదు. వరసగా మూడు రాకపోతే ఆ సెషన్‌ను మూసేయాలి. ఇది లేకపోతే, కరెంటు పోయి రూటరు ఒక్కసారి ఆగినప్పుడు వేల సెషన్లు పట్టికలో తెరిచినట్టే ఉండిపోతాయి. ఒక ఐడీకి ఒకటే లాగిన్ అన్న నిబంధన ఉన్నచోట, మళ్లీ కలవబోయిన ప్రతివాడినీ "ఇప్పటికే లోపలున్నావు" అని తోసేస్తుంది. ఆఫీసు ఫోను మోగుతూనే ఉంటుంది.

ప్లాను, బిల్లు, జీఎస్టీ

ప్లాను పట్టికలో ముందు తేల్చాల్సింది నెల అంటే ఏమిటన్నది. 30 రోజులా, తేదీ నుంచి తేదీకా? రెండూ నడుస్తాయి, కలిపితే నడవవు. 30 రోజులు పెట్టినవాళ్లు ఆ మాటే పాంప్లెట్ మీద వేయాలి. లేకపోతే ఏడాదికి 365 రోజులన్న సంగతి కస్టమరే లెక్క చెబుతాడు.

499 ప్లానుకు 18 శాతం జీఎస్టీ 89.82. సీజీఎస్టీ 44.91, ఎస్‌జీఎస్టీ 44.91. మొత్తం 588.82. పైసలను బిల్లు చివర్న ఒక్కసారే సరిచేయండి. ప్రతి వరసలోనూ సరిచేస్తే నెలాఖరుకు మన మొత్తానికీ రిటర్నులో మొత్తానికీ పొంతన కుదరదు. నడి నెలలో ప్లాను మార్చేవారి లెక్క ఇలా: 30 రోజుల 499 ప్లానులో పది రోజులు గడిచాక 799కి వెళ్లాడు. మిగిలిన 20 రోజులకు తేడా 300 ను 20 తో హెచ్చించి 30 తో భాగిస్తే 200. దాని మీద పన్ను 36. కట్టాల్సింది 236. ఈ సొమ్ము ఎలా వచ్చిందో బిల్లు మీద ఒక వరసలో రాస్తే ఫోన్లు తగ్గుతాయి.

ఇన్వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, వరస తప్పకూడదు. శాఖకు రెండు అక్షరాలు, సంవత్సరానికి 26-27 లాగా ఐదు, సంఖ్యకు ఆరు, మధ్యలో గీతలు రెండు కలిపితే 15. సరిపోతుంది. తప్పు బిల్లు వచ్చిందని డిలీట్ చేసే మీట సాఫ్ట్‌వేరులో ఉంటే దాన్ని తీయించేయండి. తప్పుకు క్రెడిట్ నోట్ (బిల్లు సొమ్మును తగ్గించే పత్రం) ఉంది. మోడెం డిపాజిట్ తిరిగి ఇచ్చేదైతే అది ఆదాయం కాదు, దాని ఖాతా వేరు. ప్లాను డబ్బులో కలిపేస్తే పన్నూ తప్పుతుంది, కనెక్షన్ తీయించుకునే రోజున తగువూ మిగులుతుంది.

బీసెంట్ రోడ్డు షాపులవాళ్లు, ఆటోనగర్ వర్క్‌షాపులవాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తమ పన్నులోంచి తగ్గించుకోవడం) కోసం జీఎస్టీ నంబరు వేయమంటారు. 15 అక్షరాలు, ఆంధ్రప్రదేశ్‌దైతే మొదటి రెండు అంకెలు 37. హైదరాబాదు హెడ్డాఫీసు తాలూకు 36 నంబరు ఇచ్చి, ఇక్కడి బ్రాంచికి లైను వేయించుకునేవాళ్లు ఉంటారు. ఇంటర్నెట్ లైనుకు సరఫరా స్థలం లైను బిగించిన చోటే. కాబట్టి పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగానే పడుతుంది, ఆ క్రెడిట్ హైదరాబాదు నంబరుకు దక్కదు. ముందే చెప్పి 37 నంబరు అడగండి. ఆర్నెల్ల తర్వాత వాళ్ల ఆడిటరు చెప్పేదాకా ఆగితే బిల్లులన్నీ తిరగరాయాలి.

యూపీఐ వసూళ్లలో ఒకే చెల్లింపు కబురు గేట్‌వే నుంచి రెండుసార్లు వస్తుంది. అది తప్పు కాదు, వాళ్ల పద్ధతే అంత: మన సర్వరు జవాబివ్వడం ఆలస్యమైతే మళ్లీ పంపుతారు. 12 అంకెల లావాదేవీ సంఖ్యను పట్టికలో రెండోసారి పడనివ్వకుండా కట్టడి చేస్తే చాలు. లేకపోతే ఒక నెల కట్టినవాడికి రెండు నెలలు. మర్నాడు బ్యాంకులో పడేది గేట్‌వే చార్జీలు పోగా మిగిలినది. రసీదు పూర్తి సొమ్ముకే వేసి, చార్జీని ఖర్చుగా వేరే చూపండి. చేతి వసూళ్లకు పుస్తకం రసీదులు ఆపేయండి. గుమ్మం దగ్గరే యాప్‌లో కొడితే, కస్టమరు ఫోనుకు మెసేజ్ వచ్చాకే ఆ కుర్రాడు కదలాలి.

ఆ మెసేజ్ గురించీ ఒక మాట. టెంప్లేట్లు టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టరు చేయించకపోతే వెళ్లవు, అది అందరికీ తెలిసిందే. తెలుగులో పంపితే ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే, పొడవైతే ఒక్కో ముక్కకు 67. ఇంగ్లిషుకు 160. పైగా తెలుగులో గుణింతం, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్క: "లక్ష్మి" అని రాస్తే కంటికి రెండక్షరాలే, లెక్కకు ఏడు. గడువు మెసేజ్‌ను తెలుగులోనే పంపండి, కానీ పొట్టిగా: "రేపు 12 గం.కు నెట్ గడువు ముగుస్తుంది." మర్యాదలన్నీ కలిపితే మూడు మెసేజ్‌ల ఖర్చు.

గడువు అర్ధరాత్రి ముగిసేట్టు పెట్టకండి. ఆ వేళ ఫోనెత్తేవాడుండడు, పైగా నెలాఖరున వందల సెషన్లు ఒక్కసారి తెగి మళ్లీ తలుపు తడతాయి. మధ్యాహ్నం 12 మంచిది. పూర్తిగా కోసేయడం కన్నా రెండ్రోజులు 1 ఎంబీపీఎస్‌కు దించడం మేలు. ఆ ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ మనదొక్కటే అయితే, దాన్ని కోసేసి ఆన్‌లైన్‌లో కట్టమనడం ఏం న్యాయం? చెల్లింపు పేజీకి బలవంతంగా మళ్లించే పద్ధతి ఇప్పుడు సరిగ్గా పనిచేయదు. సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ (తాళం వేసిన కనెక్షన్) అయ్యాక బ్రౌజరు ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది, జనం వైరస్ వచ్చిందనుకుంటారు.

కంప్లైంట్ వచ్చినప్పుడు

"ఏమండీ, పొద్దున్నుంచి నెట్ రావట్లేదు."

"మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతోందా అండీ?"

ఈ ప్రశ్న అడగాల్సి వస్తే మన సిస్టమ్ ఇంకా సగమే ఉన్నట్టు. ఫోను ఎత్తగానే నంబరును బట్టి తెర మీద నాలుగు విషయాలు రావాలి: గడువు, సెషన్ ఉందా లేదా, మోడెం పవరు ఇప్పుడెంత, పెట్టిన రోజు ఎంత. ఓఎల్‌టీ నుంచి పవరు అంకెలను గంటకోసారి తెచ్చి దాచడానికి నెట్‌వర్కును కాపలా కాసే లిబ్రెఎన్‌ఎంఎస్ లేదా జబ్బిక్స్ చాలు. హెచ్చరిక −27 దగ్గర కాదు, పెట్టిన రోజు అంకె నుంచి 3 డీబీ పడగానే మోగాలి. డబ్బాలోకి నీళ్లు చేరడం అప్పుడే పట్టుబడుతుంది, కస్టమరుకింకా తెలియకముందే.

మోడెం పోతూ పోతూ చెప్పిన చివరి మాట కూడా చూడాలి. కరెంటు పోయి ఆగితే డైయింగ్ గ్యాస్ప్ అని ఓఎల్‌టీకి ఒక సందేశం పంపి ఆగుతుంది (చవక మోడెంలు కొన్ని పంపవు). ఆ మాట లేకుండా వెలుగు మాత్రమే పోతే ఫైబర్ తెగినట్టు. ఆ తర్వాత లెక్క: ఒక్క ఇల్లే పోతే డ్రాప్ వైరు. ఒకే డబ్బాలోని ఎనిమిదీ పోతే, ఆ డబ్బాకూ దానికి ముందున్న స్ప్లిట్టర్‌కూ మధ్య. పోర్టులోని 32 పోతే అసలు ఫీడర్ (ఆఫీసు నుంచి వచ్చే ప్రధాన ఫైబర్). గుంటూరు మిర్చి యార్డు సీజన్లో ఎత్తుగా టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకొచ్చే లారీ ఒకటి రోడ్డు దాటే వైరును లాగిందంటే ఈ మూడోదే. 32 పోలేదు, తెగనూ లేదు, కానీ అందరిదీ వస్తూ పోతూ ఉందంటే ఒక మోడెం చెడి తన వంతు కాని వేళ వెలుగు పంపుతోందని అనుమానించాలి. ఒక్కొక్కటే ఆపుకుంటూ వెళ్తే దొరుకుతుంది.

ఈ లెక్కను సిస్టమే చేయాలి. రెండు నిమిషాల్లో ఒకే పోర్టు మీద నాలుగుకు మించి పడితే తల్లి టికెట్ ఒకటి తెరిచి, తర్వాత వచ్చే ఫిర్యాదులన్నీ దాని కిందకు చేర్చాలి. లేకపోతే ఒక తెగుడుకు ముప్పై టికెట్లు, ముగ్గురు లైన్‌మన్లు మూడు ఇళ్లకు. టికెట్ మూసేటప్పుడు కారణం జాబితాలోంచి ఎంచుకోవాలి: లారీ లాగింది, ఉడత కొరికింది, కనెక్టరు మురికి, అడాప్టరు పోయింది, డబ్బాలో నీళ్లు. "సాల్వ్‌డ్" అన్నది కారణం కాదు. కొన్ని సైట్లే తెరుచుకోవట్లేదు అన్న ఫిర్యాదుకు ఇంటికెళ్లనక్కర్లేదు. పీపీపీఓఈ లాగిన్‌లో ఎంటీయూ (ఒక్కసారి పంపగల ప్యాకెట్ సైజు) 1492 అవుతుంది, రూటరులో ఎంఎస్‌ఎస్‌ను (అందులో పట్టే డేటా సైజు) 1452కు కట్టడి చేశారా లేదా చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు మునిగినట్టు మునిగితే టికెట్లతో పని జరగదు. అలాంటి రోజు కోసం మూడు మీటలు ముందే ఉండాలి: డబ్బాలను మ్యాపు మీద గీత గీసి ఎంచుకోవడం, వాటి కింది కస్టమర్లందరి గడువునూ ఒకేసారి పొడిగించడం, తడిసిన మోడెంలను డిపాజిట్ కోత లేకుండా మార్చినట్టు రాయడం. ఓఎల్‌టీ, బ్యాటరీలు కింది అంతస్తులో ఉంటే ఈ మీటలేవీ పనికిరావు.

రాత్రి మూడింటికి మూడు జాబితాలు

ఈ మొత్తం వ్యవస్థలో ఒక్కటే చేయగలమంటే ఇది చేయండి. బిల్లింగ్‌లో గడువున్నవారి జాబితా, రేడియస్‌లో అనుమతి ఉన్నవారి జాబితా, ఓఎల్‌టీ మీద కనిపించే మోడెంల జాబితా. మూడింటినీ రోజూ రాత్రి పోల్చి, తేడాలు మాత్రమే ఒక కాగితానికి తీయాలి.

ఓఎల్‌టీలో ఉంది, బిల్లింగ్‌లో లేదు: ఉచితంగా ఆడుతున్నాడు. కనెక్షన్ రద్దయినా ఎవరూ తీయలేదు, లేదా ఎవరో మొహమాటానికి ఇచ్చారు. మొహమాటపు కనెక్షన్లు ఉండొచ్చు, కానీ సున్నా రూపాయల ప్లానులో పేరుతో సహా ఉండాలి. గడువు ముగిసింది, రేడియస్‌లో అనుమతి ఉంది: రెండింటి మధ్య కబురు ఎక్కడో ఆగింది. బిల్లింగ్‌లో 50 ఎంబీపీఎస్, రేడియస్‌లో 100: ఒక రాత్రి ఫోనులో బతిమాలితే పెంచి, మళ్లీ దించడం మర్చిపోయారు. డబ్బు చడీచప్పుడు లేకుండా కారేది ఇక్కడే, ఎందుకంటే ఎక్కువ వస్తోందని ఏ కస్టమరూ ఫిర్యాదు చేయడు. గడువుంది, ఏడు రోజులుగా మోడెం కనబడలేదు: ఊరెళ్లారు, లేదా వేరేవాళ్ల దగ్గర కనెక్షన్ తీసుకున్నారు. ఆ ఇంటికి ఫోను చేయాల్సింది గడువు ముగిశాక కాదు, ఇప్పుడు.

మొదటి రోజు ఈ కాగితం పేజీలకు పేజీలు వస్తుంది. భయపడకుండా రోజుకు ముప్పై తేల్చుకుంటూ వెళ్లండి. ఇరవై వరసల్లోపుకు వచ్చాక, ఉదయం తొమ్మిదికి దాన్ని చదివే మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పండి. అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు.

లాగులు

ఐపీవీ4 చిరునామాలు (ఇంటర్నెట్‌లో ఒక్కో లైనును గుర్తించే సంఖ్యలు) తక్కువ గనక ఒక పబ్లిక్ ఐపీ వెనక చాలామందిని పెడతాం. లోపలి వైపు 100.64.0.0/10 అందుకే కేటాయించారు. ఒక ఐపీలో వాడదగిన 64,512 పోర్టు నంబర్లను 1,008 చొప్పున పంచితే 64 మందికి సరిపోతాయి. ఎవరికి ఏ ముక్క ఇచ్చామో ముందే ఖాయంగా ఉంటే, ప్రతి కనెక్షన్‌కూ లాగు (ఎవరు ఎప్పుడు ఏ ఐపీ, ఏ పోర్టు వాడారన్న నమోదు) రాసే బరువు తప్పుతుంది. పోలీసుల నుంచి విచారణ వస్తే ఐపీ, సమయంతో పాటు సోర్స్ పోర్టు కూడా అడగండి. అది లేకుండా 64 మందిలో ఎవరన్నది చెప్పలేం, ఊహించి పేరివ్వడం మహాపాపం. సమయం విషయంలో లాగు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందా, మన టైములోనా అన్నది కాగితం మీద రాసి ఉంచండి. రాత్రి 11:20 గురించి అడిగితే యూటీసీ లాగులో చూడాల్సింది 17:50. గడియారాలన్నీ ఎన్‌టీపీతో (నెట్‌వర్కు ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలపడం కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల్లోనే ఉంది. వాడకం రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతులు మార్చారు. డిస్కు ఆ లెక్కన కొనండి.

పాత షీటు నుంచి మారడం

ఒక్క రాత్రిలో అందరినీ మార్చకండి. ఒక పోర్టు, 32 ఇళ్లు. వాటి డబ్బాలు, పవర్లు, బకాయిలు, డిపాజిట్లు కొత్త దాంట్లోకి ఎక్కించి, ఒక పూర్తి నెల పాత షీటూ కొత్త సిస్టమూ పక్కపక్కన నడపండి. నెలాఖరున రెండింటి మొత్తమూ పైసాతో సహా కలవాలి. కలవకపోతే ఎక్కడన్నది తేలాకే రెండో పోర్టు. బకాయిలను ఎక్కించే ముందు కస్టమరుకు మెసేజ్ పంపి ఒప్పించుకోవడం మంచిది, పాత పుస్తకంలో ఉన్నదంతా నిజమని నమ్మడానికి లేదు. పండగ వారంలో, పరీక్షల నెలలో ఈ పని పెట్టుకోవద్దు.

కొత్త సాఫ్ట్‌వేరు ఎవరి దగ్గర తీసుకున్నా, డబ్బు కట్టేముందు ఒక్కటి చేయించండి: మీ డేటా మొత్తాన్ని సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే) ఫైళ్లుగా దించి మీ చేతిలో పెట్టమనండి. అలాగే నిన్నటి బ్యాకప్‌ను ఖాళీ సర్వరు మీద ఎక్కించి, దాంట్లోంచి ఒక కస్టమరు బిల్లు తీసి చూపించమనండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి.